ట్యూమర్ మార్కర్ రిపోర్టు చేతికొచ్చాక: కడుపు క్యాన్సర్ ఉన్న ఇంట్లో సీఈఏ, సీఏ 19-9 అంకెల్ని ఎలా చదువుకోవాలి

రిపోర్టు ఎప్పుడూ రాత్రి పూటే వస్తుంది. పొద్దున రక్తం ఇచ్చి వస్తే, రాత్రి పదిన్నరకి ఫోన్లో పీడీఎఫ్ పడుతుంది. తెరిస్తే సీఈఏ ఎదురుగా లావు అక్షరాల్లో ఒక అంకె, పక్కన 'హెచ్' (హై, అంటే ఎక్కువ) అని గుర్తు. ఆ టైముకి డాక్టర్ గారు దొరకరు. ఇంట్లో ఒకరు దాన్ని అమెరికాలో ఉన్న మేనల్లుడికి పంపిస్తారు, ఇంకొకరు గూగుల్లో కొడతారు. తెల్లారేసరికి ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క ఉండదు.

మా మామయ్యకి కడుపు క్యాన్సర్ అని తేలాక మొదటి మూడు నెలలూ మేం ఇలాగే గడిపాం. తర్వాత నేనొక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని, కనబడిన ప్రతి డాక్టర్నీ, ల్యాబ్ వాళ్ళనీ అడిగి రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. నేను డాక్టర్ని కాదు, ఫైలు మోసిన కోడల్ని. మందు మార్చడం, ఆపడం లాంటివి మీ ఆంకాలజిస్ట్ చెప్పాల్సినవి. ఆ రాత్రి పదిన్నరకి వచ్చే కాగితాన్ని ఎలా చదువుకోవాలో మాత్రం నేను చెప్పగలను.

ముందు, ఏ పేరు దేనిదో తెలుసుకోండి

కడుపు క్యాన్సర్‌లో ఎక్కువగా రాసే ట్యూమర్ మార్కర్లు, అంటే క్యాన్సర్ కణాలు రక్తంలోకి వదిలే పదార్థాల పరీక్షలు, మూడు: సీఈఏ, సీఏ 19-9, సీఏ 72-4. పొట్టలో నీరు చేరినా, పేగుల మీది పొరకి పాకిందని అనుమానం వచ్చినా సీఏ 125 కూడా రాస్తారు. ఎప్పుడో ఒకసారి, ముఖ్యంగా లివర్‌లో మచ్చలు కనబడితే, ఏఎఫ్‌పీ అడుగుతారు.

సీఈఏ వీటిలో పాతది. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు పెద్దపేగు క్యాన్సర్ మీద పనిచేస్తూ దీన్ని గుర్తించారు. తల్లి కడుపులో ఉన్న బిడ్డ పేగుల్లో ఇది బాగా ఉంటుంది, పుట్టాక దాదాపు తగ్గిపోతుంది. క్యాన్సర్ కణాలు కొన్ని దాన్ని మళ్ళీ తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. సీఏ 19-9లో ఆ 19-9 ఏమిటా అని నేనొక రాత్రి చాలాసేపు వెతికాను. తీరా చూస్తే అది పరీక్షకి వాడే యాంటీబాడీకి ల్యాబ్‌లో వేసుకున్న నంబరు, అంతే.

సీఈఏ 5 నానోగ్రాముల లోపు, సీఏ 19-9 37 యూనిట్ల లోపు, సీఏ 72-4 6.9 లోపు, సీఏ 125 35 లోపు ఉంటే నార్మల్ అని చాలా ల్యాబులు వేస్తాయి. అన్నీ ఒక మిల్లీలీటరు రక్తద్రవానికి లెక్క. పొగ తాగేవాళ్ళకి సీఈఏ మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి కొన్ని ల్యాబులు తాగనివాళ్ళకి 3, తాగేవాళ్ళకి 5 అని విడిగా రాస్తాయి. మామయ్య నలభై ఏళ్ళు చుట్ట కాల్చిన మనిషి. ఆ సంగతి మేం చెప్పేదాకా ఎవరూ అడగలేదు. మీరే చెప్పండి.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. కడుపు క్యాన్సర్ బయటపడే సమయానికి ఈ మూడింటిని విడివిడిగా చూస్తే ఒక్కోటి పెరిగి కనిపించేది సుమారు 20 నుంచి 30 శాతం మందిలోనే. తొలి దశలో ఇంకా తక్కువ. అంటే క్యాన్సర్ ఉండి కూడా మార్కర్ నార్మల్‌గా రావడమే ఎక్కువ. జబ్బు ఉందో లేదో తేల్చేది ఎండోస్కోపీ, అందులో తీసిన ముక్క. రక్తం కాదు.

అందుకే 'క్యాన్సర్ ప్యాకేజీ' పేరుతో అమ్మే పరీక్షల జోలికి ఇంట్లో మిగతావాళ్ళు వెళ్ళకండి. మామయ్య సంగతి తెలిసిన వారంలోనే మా మరిది, ఆడపడుచు ఇద్దరూ చేయించుకున్నారు. ఆడపడుచుకి సీఏ 125 కొంచెం పైకి వచ్చింది. రెండు స్కానింగులు అయ్యి, పది రోజులు నిద్ర లేకుండా గడిచాక తేలిందేమిటంటే, ఆవిడ నెలసరిలో ఉండగా రక్తం ఇచ్చింది. ఆ రోజుల్లో అది పెరగడం మామూలే. తండ్రికో తల్లికో అన్నదమ్ములకో కడుపు క్యాన్సర్ వచ్చినవాళ్ళు గ్యాస్ట్రో డాక్టర్ని కలిసి హెలికోబ్యాక్టర్ పైలోరీ (కడుపులో చేరే ఒక బ్యాక్టీరియా) పరీక్ష చేయించుకోవాలా, ఎండోస్కోపీ అవసరమా అని అడగండి. డబ్బు పెట్టాల్సింది అక్కడ.

రక్తం ఇచ్చే ముందు

పరగడుపున వెళ్ళక్కర్లేదు. షుగర్ లాంటి పరీక్షలు కూడా ఉంటే తప్ప, ఈ మార్కర్లకి టిఫిన్ తిన్నా పరవాలేదు. కడుపు తీసేసిన మనిషిని ఖాళీ పొట్టతో పదింటిదాకా కూర్చోబెట్టకండి, కళ్ళు తిరుగుతాయి.

బయోటిన్ (ఒక విటమిన్) బిళ్ళల సంగతి చాలామందికి తెలియదు. కీమోలో జుట్టు ఊడుతుందని ఎవరో ఒకరు జుట్టు బిళ్ళలు తెచ్చిపెడతారు. వాటిలో 5, 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది. కొన్ని మెషీన్ల మీద ఇది పరీక్షనే తప్పుదారి పట్టిస్తుంది. ఇలాంటి మార్కర్లలో అంకె ఉన్నదానికంటే తక్కువగా చూపించే అవకాశం ఉంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. వాడుతుంటే ల్యాబ్‌కి చెప్పండి, ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి. మాకు రెండు మూడు రోజులు అన్నారు.

కామెర్లు ఉంటే సీఏ 19-9 నమ్మదగింది కాదు. పిత్తనాళం మూసుకున్నా, అందులో ఇన్ఫెక్షన్ ఉన్నా క్యాన్సర్‌తో సంబంధం లేకుండానే అది వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి పోతుంది. స్టెంట్ వేసి బిలిరుబిన్ (కామెర్లని కొలిచే అంకె) దిగాక మళ్ళీ చేయించిన అంకెనే లెక్కలోకి తీసుకుంటారు. పాంక్రియాస్ వాపు, లివర్ జబ్బు, అదుపులో లేని షుగర్ కూడా దాన్ని పెంచుతాయి. గౌట్‌కి కొల్చిసిన్ వాడేవాళ్ళలో సీఏ 72-4 పెరిగిన సందర్భాలున్నాయి. పొట్టలో టీబీ ఉన్నా సీఏ 125 పెరుగుతుంది, మన దేశంలో ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

ఇంకో వింత కూడా ఉంది. నూటికి 5 నుంచి 10 మంది ఒంట్లో పుట్టుకతోనే సీఏ 19-9 తయారు కాదు. అది రక్తంలో ఒక గ్రూపుకి సంబంధించిన చక్కెర గొలుసు, ఆ గ్రూపు లేనివాళ్ళకి జబ్బు ఎంత ముదిరినా అంకె సున్నా దగ్గరే ఉంటుంది. ప్రతిసారీ 2 లోపు వస్తుంటే 'ఈ మార్కర్ మాకు పనికొస్తుందా?' అని డాక్టర్ని అడగండి.

ఒకే ల్యాబ్, ఒకే మెషీన్

ఇది విడిగా రాస్తున్నాను, ఎందుకంటే మేం దెబ్బతిన్నది ఇక్కడే. ఆపరేషన్ అయ్యాక మామయ్య సీఈఏ 2.9, 3.1, 2.7 అని నిలకడగా వస్తోంది. ఒకసారి వానలో విజయవాడ దాకా ఎందుకులే అని తెనాలిలోనే ఇంటికొచ్చి రక్తం తీసుకునే వేరే ల్యాబ్‌కి ఇచ్చాం. 5.8 వచ్చింది. 2.7 నుంచి 5.8, రెట్టింపు! ఆ రాత్రి అత్తయ్య దేవుడి గది లోంచి బయటికి రాలేదు.

డాక్టర్ గారు రిపోర్టు చూసి ముందు అడిగింది 'ఎక్కడ చేయించారు?' అని. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూపించారు. పరీక్ష పద్ధతి ఒక దాంట్లో ఒక రకం, ఇంకోదాంట్లో ఇంకో రకం. ఒక్కో కంపెనీ కిట్ ఒక్కో యాంటీబాడీ వాడుతుంది. అదే రక్తం రెండు చోట్ల ఇచ్చినా అంకెలు కలవవు. పాత ల్యాబ్‌లోనే మళ్ళీ చేయిస్తే 3.2.

కాబట్టి మొదటి రోజు నుంచీ ఒకే ల్యాబ్ పట్టుకోండి. ఊరు మారాల్సి వస్తే కొత్త చోట వచ్చిన మొదటి అంకెని పాతదాంతో పోల్చకండి, దాన్నే కొత్త మొదలు అనుకోండి. వీలైతే ఒకే వారంలో రెండు చోట్లా చేయించుకుంటే తేడా ఎంతో తెలిసిపోతుంది.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

తేదీ, ల్యాబ్, పద్ధతి, సీఈఏ, సీఏ 19-9, సీఏ 72-4, బరువు, హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్), ఆ వారం నడుస్తున్న మందు, ఆ వారం ఒంట్లో బాగోలేనిది ఏదైనా ఉంటే అది. ఒక్కో పరీక్షకి ఒక్క వరుస. పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో వెతుక్కునే బదులు ఈ ఒక్క పేజీ డాక్టర్ ముందు పెడితే అర నిమిషంలో చూసేస్తారు. మా పేజీ మొదట్లో ఇలా ఉంది:

మొదటి రిపోర్టు, కీమోకి ముందు: సీఈఏ 18.6, సీఏ 19-9 22, సీఏ 72-4 41. బరువు 61.
కీమో మొదలైన మూడు వారాలకి: సీఈఏ 24.1. బరువు 59.
నాలుగో కీమో అయ్యాక: సీఈఏ 7.2, సీఏ 72-4 11. బరువు 58.
ఆపరేషన్ అయిన అయిదు వారాలకి: సీఈఏ 2.9, సీఏ 72-4 4. బరువు 52.

చూడండి, సీఏ 19-9 మొదటి నుంచీ నార్మల్. మామయ్య జబ్బు దాన్ని రక్తంలోకి వదలడం లేదు. కాబట్టి ఆయన విషయంలో అది మంచి వార్తా కాదు, చెడ్డ వార్తా కాదు. సీఈఏ, సీఏ 72-4 మాత్రం మాట్లాడుతున్నాయి. మీ మనిషికి ఏది మాట్లాడుతుందో తెలియాలంటే వైద్యం మొదలవక ముందే ఒకసారి మూడూ చేయించి ఉండాలి. ఆ మొదటి అంకె లేకపోతే తర్వాత వచ్చేవాటికి కొలబద్ద ఉండదు.

మూడు వారాలకి 18.6 కాస్తా 24.1 అయింది, అదీ చూడండి. కీమో పనిచేయడం లేదని మా ఆయన ఆసుపత్రి మార్చేద్దాం అన్నాడు. కీమో మొదలైన తొలి వారాల్లో కణాలు చితికి, లోపలున్నది రక్తంలోకి వచ్చి, అంకె కొంతకాలం పెరగడం ఉంటుందట. మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో వచ్చిన పెరుగుదలని చూసి మందు మార్చరు. నాలుగో కీమోకల్లా 7.2కి దిగింది.

అలాగే ఆపరేషన్ అయిన మర్నాడో వారానికో చేయించినా ఉపయోగం లేదు. పాతది రక్తంలోంచి పోవడానికి టైము పడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి.

పెరిగితే ఏం చేయాలి

అదే మనిషికి, అదే ల్యాబ్‌లో, ఏమీ జరగకపోయినా అంకె కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. 2.7 నుంచి 3.1కి పోతే అది పెరగడం కాదు. పెద్దపేగు క్యాన్సర్‌లో సీఈఏ వాడే విధానంలో, ముందుదాని కంటే కనీసం 30 శాతం పెరిగి, నెలలోపు మళ్ళీ చేసినా పెరిగే ఉంటేనే నిజమైన పెరుగుదల అని ఒక లెక్క ఉంది. కడుపు క్యాన్సర్‌కి ఇంత కచ్చితమైన గీత లేదు గానీ, పద్ధతి మాత్రం అదే: ఒక్క అంకెని నమ్మొద్దు, మూడు నాలుగు వారాలాగి మళ్ళీ చూడాలి. మూడుసార్లు వరసగా పైకే పోతుంటే, ఇంకా నార్మల్ లోపే ఉన్నా సరే, చెప్పాల్సిన విషయమే.

నిజంగా పెరుగుతోందని తేలితే తర్వాతి మెట్టు సీటీ స్కాన్, అవసరమైతే ఎండోస్కోపీ, పెట్ స్కాన్. మార్కర్ స్కాన్ కంటే రెండు మూడు నెలలు ముందే పెరగడం ఉంది. కాబట్టి స్కాన్ శుభ్రంగా ఉంటే 'మరి ఎందుకు పెరిగింది?' అని గుంజాటన పడతాం. ఈ మధ్యకాలం చాలా కష్టం. అంకె చూసి, స్కాన్‌లో ఏమీ లేకుండా, ముందుగానే కీమో మొదలుపెడితే మనిషి ఎక్కువ కాలం బతుకుతాడని రుజువు కాలేదు. డాక్టర్ 'ఆగి చూద్దాం' అంటే అది నిర్లక్ష్యం అనుకోకండి.

రివర్స్ కూడా నిజం. మార్కర్ నార్మల్‌గా ఉంది కదా అని లక్షణాలని పక్కన పెట్టకండి. తిన్నది దిగకపోవడం, పొట్ట ఉబ్బడం, బరువు పడిపోవడం అంకె కంటే పెద్ద వార్తలు. సిగ్నెట్ రింగ్ అనే ఒక రకం కడుపు క్యాన్సర్‌లో పొట్ట లోపలి పొర మీదకి పాకినా మార్కర్లు కదలకపోవచ్చు, సీటీలోనూ సరిగా కనబడకపోవచ్చు.

ఎన్నాళ్ళకోసారి చేయించాలి? డాక్టర్లే ఒక మాట మీద లేరు. జపాన్‌లో ఆపరేషన్ తర్వాత అయిదేళ్ళ పాటు సీఈఏ, సీఏ 19-9 చూస్తూ ఉండటం పద్ధతి. అమెరికా, యూరప్ మార్గదర్శకాలు ప్రతి ఒక్కరికీ తప్పనిసరి అనవు. మీ డాక్టర్ రాయకపోతే గొడవ పెట్టుకోవద్దు, ఎందుకు వద్దంటున్నారో అడగండి చాలు. మాకు మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి అన్నారు. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం ఆ రెండేళ్ళలోనే బయటపడతాయి.

ఇక అందరూ అడగాలనుకుని అడగలేని ప్రశ్న

ఈ అంకెలు చూసి ముందుముందు ఎలా ఉంటుందో చెప్పొచ్చా? కొంతవరకే. ఆపరేషన్‌కి ముందే సీఈఏ, సీఏ 19-9 బాగా ఎక్కువున్నవాళ్ళలో గడ్డ లోతుగా దిగడం, లింఫ్ గ్రంథులకి చేరడం ఎక్కువ, సగటున ఫలితాలు కొంచెం తక్కువ. వైద్యం తర్వాత నార్మల్‌కి దిగితే మంచి సూచన, దిగకపోతే ఎక్కడో మిగిలి ఉందన్న అనుమానం. మార్కర్ చెప్పేది ఇంతే.

అంతకంటే ఎంతో బరువున్న కాగితం ఇంకోటి ఉంది. ఆపరేషన్ తర్వాత రెండు వారాలకి వచ్చే హిస్టోపాథాలజీ రిపోర్టు, అంటే కోసి తీసిన భాగాన్ని మైక్రోస్కోప్ కింద చూసి రాసేది. దాన్ని ఫైల్లో అడుగున పడేయకండి. నాలుగు విషయాలు వెతకండి: గడ్డ గోడలో ఎంత లోతుకి దిగింది, కోసిన అంచుల్లో క్యాన్సర్ ఉందా లేదా, లింఫ్ గ్రంథులు ఎన్ని తీశారు, వాటిలో ఎన్నింట్లో ఉంది. మామయ్యది 23లో 2, అంచులు శుభ్రం. కనీసం 16 గ్రంథులు చూసి ఉంటేనే దశ సరిగా లెక్కకి వస్తుంది. 6 తీసి 0 వచ్చిందంటే సంబరపడటానికి లేదు. ఆపరేషన్‌కి ముందు లాపరోస్కోపీ చేసి పొట్ట కడిగిన నీటిలో కణాలు ఉన్నాయేమో చూసి ఉంటే, ఆ రిపోర్టు కూడా ముఖ్యమే.

హెర్2, ఎంఎస్ఐ, పీడీ-ఎల్1, క్లాడిన్ 18.2 అనే పేర్లు కూడా వింటారు. ఇవి ట్యూమర్ మార్కర్లే అనుకుని ల్యాబ్‌కి పోయి రక్తం ఇస్తామనేవాళ్ళని చూశాను. ఇవి బయాప్సీ ముక్క మీద చేస్తారు. జబ్బు ముదిరిన దశలో ఏ మందు పనికొస్తుందో చెప్పేవి ఇవే. హెర్2 ఉన్నవాళ్ళకి ట్రాస్టుజుమాబ్ అనే మందు కలిపితే మేలని 2010లోనే తేలింది. ముక్క ఉన్న మైనపు దిమ్మలు ఆసుపత్రిలోనే ఉంటాయి, అడిగి తీసుకోవచ్చు.

మామూలు రక్త పరీక్షలో కూడా కొంత కథ ఉంది. ఆల్బుమిన్ 3.5 కంటే తగ్గడం, బరువు తగ్గడం మంచివి కావు. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవాటి శాతాన్ని లింఫోసైట్స్ అనేవాటి శాతంతో భాగించి చూసే లెక్క ఒకటి ఉంది. 60కి 30 అయితే 2. 78కి 13 అయితే 6. ఎక్కువ ఉంటే సగటున మంచిది కాదంటారు గానీ, జ్వరం వచ్చినా, స్టెరాయిడ్ వేసినా మారిపోతుంది. నేను రాయడం మానేశాను. ఆల్బుమిన్ మాత్రం రాస్తాను, ఎందుకంటే దాని గురించి వంటింట్లో మనం చేయగలిగింది ఉంది.

నెట్‌లో కనబడే నెలల లెక్కలకి భయపడకండి. మామయ్యకి ఇచ్చిన ఫ్లాట్ (నాలుగు మందులు కలిపిన) కీమో మీద 2019లో వచ్చిన జర్మన్ పరిశోధనలో, పాత మందులతో 35 నెలలు ఉన్న బతికే కాలపు అంకె ఫ్లాట్‌తో 50 నెలలకి పెరిగింది. 50 నెలలంటే గడువు కాదు. అందులో సగం మంది అంతకంటే ఎక్కువ కాలం ఉన్నారని దానర్థం. మీ మనిషి ఏ సగంలో ఉంటాడో ఆ అంకెకి తెలియదు.

డాక్టర్ని 'ఎన్నాళ్ళు?' అని అడిగితే ఎవరూ సూటిగా చెప్పలేరు. మీ ఇంట్లో తేల్చుకోవాల్సిన పని ఏదో దాన్ని అడగండి. ఈ ఉపాయం నాది కాదు, మామయ్యది. హిస్టోపాథాలజీ రిపోర్టు వచ్చిన రోజు మేమంతా గదిలో నిలబడి ఏం అడగాలో తెలియక ఉన్నాం. మామయ్య కుర్చీలో ముందుకి జరిగి, 'అయ్యా, మూడెకరాలుంది. ఈ ఏడు కౌలుకి ఇచ్చెయ్యనా, నేనే చేసుకోనా?' అన్నారు.

డాక్టర్ గారు కాసేపు కాగితం వంక చూశారు. 'ఇంకా నాలుగు కీమోలున్నాయి, వరి కోతల దాకా మీకు ఓపిక ఉండదు. రెండు గ్రంథుల్లో ఉంది కాబట్టి రెండేళ్ళు జాగ్రత్తగా చూసుకుంటూ ఉండాలి. ఈ ఏడుకి ఇచ్చెయ్యండి. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు మాట్లాడుకుందాం' అన్నారు.

ఆ సాయంత్రమే మామయ్య కౌలుదారుకి ఫోన్ చేశారు. కాగితం మీద ఒక్క ఏడాదికే రాయాలని రెండుసార్లు చెప్పారు.